పెద్దవాళ్లకు కావలసిన వ్యాపకం

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లకు నా మాట వినిపిస్తోందా? వినిపించకపోతే మొహమాటపడకుండా చెయ్యి ఎత్తండి. మర్యాద కోసం అడగడం లేదు. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది అక్కడే మొదలవుతుంది.

మా అమ్మకు 74 ఏళ్లప్పుడు ఒక స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాం. నేనూ తమ్ముడూ చెరో ఊళ్లో ఉంటాం. రోజూ మాట్లాడుకోవచ్చు, మనవరాలి ఫోటోలు చూసుకుంటుంది అనుకున్నాం. నెల తిరిగేసరికి ఆ ఫోన్ బీరువాలోకి చేరింది. ఎందుకమ్మా అంటే, "నాకివి ఎక్కవు. ఈ వయసులో నాకెందుకు ఇవన్నీ" అంది. మేం నమ్మాం. రెండేళ్లపాటు నమ్మాం. ఆ రెండేళ్లలో ఆమె ఇరుగుపొరుగుతో మాటలు తగ్గించింది. నలుగురు కూడే చోటికి వెళ్లడం మానేసింది. వయసు మీద పడింది, మనిషి ముభావంగా మారింది అనుకున్నాం. చివరికి వేరే పని మీద డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన రెండు మాటలు మాట్లాడి, ముందు చెవులు పరీక్ష చేయించండి అన్నారు.

వయసుతో వచ్చే వినికిడి లోపం ఒక్కసారిగా అన్నిటినీ మూసెయ్యదు. ముందుగా కీచుగా ఉండే, హెచ్చు శ్రుతి శబ్దాలు పోతాయి. స, త, ఫ లాంటి హల్లుల చప్పుడు ఉండేది అక్కడే. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తేలదు. తల అన్నారో కల అన్నారో తెలియదు. మనిషి ఎదురుగా ఉంటే పెదవుల కదలిక చూసి సర్దుకోవచ్చు. మామూలు ఫోన్ కాల్‌లో ఆ ఆసరా కూడా ఉండదు. తప్పు జవాబు చెప్పి నవ్వులపాలవుతానేమోనని మా అమ్మ భయం. ఆ భయానికి ఆమె పెట్టుకున్న పేరు "నాకు ఇష్టం లేదు".

డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా క్షీణించే జబ్బు మీద, లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో, మనం జాగ్రత్త పడితే తగ్గించుకోగల ముప్పులు 14 ఉన్నాయని చెప్పారు. వాటిలో వినికిడి లోపం ఒకటి. పట్టించుకోకుండా వదిలేసిన చూపు లోపం ఒకటి. మనుషులకు దూరమై ఒంటరిగా ఉండిపోవడం ఇంకొకటి. కాగితం మీద ఇవి మూడు వేరువేరు వరసలు. మా ఇంట్లో మొదటిది మూడోదాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అందుకే ఎవరైనా వచ్చి, మా నాన్నకు ఏ ఫోన్ కొనమంటారు అని అడిగితే, ముందు చెవులూ కళ్లూ చూపించండి, ఫోన్ సంగతి తరవాత అంటాను.

సరే, అమ్మకు చెవి మిషను వచ్చింది. వీడియో కాల్ నేర్పాం, పెదవులు కనిపిస్తాయి కాబట్టి. ఆమె నేర్చుకుంది కూడా. అయినా ఫోన్ మేం చేస్తేనే తీసేది. రెండు నిమిషాలు, "తిన్నారా, బాగున్నారా", పెట్టెయ్యడం. మాట్లాడటానికి సాధనం ఇచ్చాం కానీ, మాట్లాడాల్సిన పని ఏదీ ఇవ్వలేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అప్పుడు తమ్ముడి కూతురు మూడో తరగతి. చదవడంలో తడబడేది. బడిలో టీచర్ రోజూ పైకి చదివించండి అన్నారు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలు, ఎవరికీ తీరదు. తమ్ముడు అమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, సాయంత్రం ఆరింటికి ఇరవై నిమిషాలు అది నీకు చదివి వినిపిస్తుంది, వింటావా?" అన్నాడు. అంతే. వారం తిరక్కుండా అమ్మ ఐదున్నరకే ఫోన్ చార్జింగ్ చూసుకుని, చెవి మిషను పెట్టుకుని, కుర్చీ వెలుతురు ఉన్న వైపుకు జరుపుకుని కూర్చునేది. పిల్ల ఏదో మాటకు అర్థం అడిగితే తనకూ తెలియలేదట. మర్నాడు నాకు ఫోన్ చేసి, ఇందులో మాటలకు అర్థాలు ఎక్కడ వెతకాలి అని అడిగింది. ఇంటర్నెట్‌లో వెతకడం నేర్పించమని ఆమె నన్ను అడగడం అదే మొదటిసారి. నేను అంతకు ముందు నాలుగుసార్లు నేర్పబోతే వద్దంది.

మన భాషలో రెండు మంచి మాటలున్నాయి, కాలక్షేపం, వ్యాపకం. రెండిట్లోనూ గంటలు గడుస్తాయి. కాలక్షేపంలో పొద్దు పోతుంది, అంతే. వ్యాపకమైతే మనం పడుకున్నాక కూడా మనసు దాని చుట్టూ తిరుగుతుంది, రేపు చెయ్యాల్సింది ఇంకా కొంత మిగిలి ఉంటుంది, మనం వెళ్లకపోతే ఎవరో ఒకరు ఏమైంది అని అడుగుతారు. పెద్దవాళ్ల కోసమని తయారయ్యే యాప్‌లు, కార్యక్రమాలు, పరికరాలు నేను చాలా చూశాను. ఎక్కువభాగం కాలక్షేపమే. అవి చెడ్డవని అనను. కానీ 65 ఏళ్లకు ఉద్యోగం వదిలిన మనిషికి ఇంకా ఇరవై ఏళ్ల బతుకు ఉండవచ్చు. ఇరవై ఏళ్లు ఎవరైనా పొద్దుపుచ్చుతూ ఎలా ఉంటారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు 60 దాటినవాళ్లే. ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 వరకు ఉన్న పదేళ్లనూ ఆరోగ్యకరమైన వృద్ధాప్యం కోసం కేటాయించింది. ఆరోగ్యం అనగానే మందులూ పరీక్షలే గుర్తొస్తాయి మనకు. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్, ఆమె తోటి పరిశోధకులు 148 అధ్యయనాలను కలిపి చూశారు. మొత్తం మూడు లక్షలమందికి పైగా మనుషులు, సగటున ఏడున్నరేళ్ల గమనింపు. మనుషులతో గట్టి సంబంధాలు ఉన్నవాళ్లు ఆ కాలంలో బతికి ఉండే అవకాశం, లేనివాళ్లకంటే 50 శాతం ఎక్కువగా తేలింది. పలకరించేవాళ్లు ఉండటం ఒంటికి కూడా అవసరమే అన్నమాట.

అయితే పలకరింపు ఒక్కటే చాలదు. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం నాకెప్పుడూ గుర్తొస్తుంది. ఒక అంతస్తులో ఉన్నవాళ్లకు, మీ గది మీ ఇష్టం, మీ పనులు మీరే నిర్ణయించుకోండి అని చెప్పి, తలా ఒక మొక్క ఎంచుకోమన్నారు. దానికి నీళ్లు పోసే బాధ్యత వాళ్లదే. ఇంకో అంతస్తులో వాళ్లకూ మొక్కలు ఇచ్చారు, కానీ నీళ్లు మా సిబ్బందే పోస్తారు, మీకే కష్టమూ ఉండదు అన్నారు. మూడు వారాల తరవాత చూస్తే మొదటివాళ్లు ఎక్కువ హుషారుగా, ఎక్కువ కలివిడిగా ఉన్నారు. అది చిన్న ప్రయోగం, పట్టుమని వందమంది కూడా లేరు. దాని మీదే అంతా నిలబెట్టకూడదు. కానీ ఆ రెండో మాట, "మీకే కష్టమూ లేకుండా మేం చూసుకుంటాం" అనేది, మనమందరం ప్రేమతో మన పెద్దవాళ్లకు చెప్పే మాటే కదా! ప్రేమతోనే మనం వాళ్ల చేతిలోంచి నీళ్ల చెంబు లాక్కుంటున్నాం.

టెక్నాలజీతో ఆ చెంబు తిరిగి వాళ్ల చేతికి ఇవ్వవచ్చు. ఎలాగో కొన్ని చోట్ల చేసి చూపించారు.

2009లో సుగతా మిత్రా అనే విద్యావేత్త, బ్రిటన్‌లోని అమ్మమ్మలను, నానమ్మలను ఒక సాయం అడిగారు. ఇంటర్నెట్ ఉంది, స్కైప్ ఉంది, వారానికి ఒక గంట భారతదేశంలోని పిల్లలతో మాట్లాడతారా అని. ముందుకొచ్చినవాళ్లలో పదవీ విరమణ చేసిన టీచర్లు చాలామంది. దానికి గ్రానీ క్లౌడ్ అని పేరొచ్చింది. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం, ఆ పెద్దవాళ్లు పాఠం చెప్పనక్కర్లేదు. పక్కన నిలబడి, "అబ్బో, ఇది నువ్వే చేశావా? ఎలా చేశావు? నాకు చెప్పు" అనాలి. ఏ అమ్మమ్మా ప్రత్యేకంగా నేర్చుకోనక్కర్లేని పని అది. కంప్యూటర్ మటుకు ఆ మాటను సముద్రాలు దాటించింది.

అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో పాత దస్తావేజులు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. వాటిలో చాలా కలిపిరాత ఇంగ్లిషులో, చేతిరాతలో ఉన్నాయి. ఇప్పటి కుర్రవాళ్లలో చాలామందికి ఆ రాత చదవడం రాదు, బడిలో దాన్ని నేర్చుకోలేదు. పెద్దవాళ్లు చదివేస్తారు. ఇంట్లో కూర్చుని ఒక్కో పేజీ చదివి టైప్ చేసి పెట్టే వలంటీర్లను ఆ సంస్థ అడుగుతోంది. ఇక్కడ వయసు లోపం కాదు, అర్హత. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2000లో మొదలైన డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్‌లో స్కాన్ చేసిన పాత పుస్తకాలను కంప్యూటర్ అక్షరాలుగా మార్చినప్పుడు దొర్లిన తప్పులను ఒక్కొక్క పేజీగా దిద్దుతారు. 2005లో మొదలైన లిబ్రివాక్స్‌లో కాపీరైట్ తీరిన పుస్తకాలను చదివి రికార్డు చేస్తారు. పాత పుస్తకాలను ఇంటర్నెట్‌లో అందరూ చదువుకునేలా పెట్టే వికీసోర్స్ తెలుగుతో సహా ఎన్నో భాషల్లో ఉంది. పెద్దవాళ్లకు ఫోన్లు, కంప్యూటర్లు నేర్పడానికి మేం నడిపే గ్రూపులో ఒకాయన జీవితమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. రిటైరయ్యాక ఇంట్లో అందరి మాటల్లో తప్పులు పడుతున్నారని ఆయన కోడలు ఎంతో బాధపడేది. ఇప్పుడు పొద్దున్నే రెండు పేజీలు వికీసోర్స్‌లో దిద్దుతారు. ఆయన దిద్దిన పేజీని ఇంకొకరు సరిచూస్తారు. ఆ ఇంకొకరి కోసం ఈయన తెల్లవారుజామున లేస్తున్నారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

జపాన్‌లో మసాకో వకమియా అని ఒకావిడ ఉన్నారు. 1935లో పుట్టారు. బ్యాంకులో పనిచేసి, రిటైరయ్యే వేళకు సొంతంగా ఒక కంప్యూటర్ కొనుక్కున్నారు. అమ్మను చూసుకోవడానికి ఇంటిపట్టున ఉండాల్సి వచ్చిన రోజుల్లో, పెద్దవాళ్ల ఆన్‌లైన్ క్లబ్బులో చేరి స్నేహితులను సంపాదించుకున్నారు. స్మార్ట్‌ఫోన్ ఆటలన్నీ వేగంగా వేళ్లు కదిపేవాళ్లకే ఉన్నాయి, మాలాంటివాళ్లకు ఒక్కటీ లేదని ఆమెకు అనిపించింది. ప్రోగ్రామింగ్ నేర్చుకుని తానే ఒక ఆట తయారు చేశారు. బొమ్మలను వాటి వాటి మెట్ల మీద సరైన వరసలో పెట్టాలి, తొందర అక్కర్లేదు. అది విడుదలైంది 2017లో, ఆమెకు 81 ఏళ్లప్పుడు. ఆ ఏడాది యాపిల్ కంపెనీ తన డెవలపర్ల సమావేశానికి ఆమెను పిలిచింది. ఈ కథను, "చూశారా, ఆమె చేసింది, మీరూ చేయండి" అని పెద్దవాళ్ల ముందు పెట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి అలా పెట్టకండి. అలా చెబితే వినేవాళ్లు ఇంకా కుంగిపోతారు. నేను ఇందులో చూసేది వేరు. ఆమె చుట్టూ ఒక క్లబ్బు ఉంది, అడిగితే నేర్పేవాళ్లు ఉన్నారు, తనలాంటివాళ్లకు ఏది లేదో ఆమెకు స్వయంగా తెలుసు. మన కంపెనీలు పెద్దవాళ్ల కోసం ఏదైనా చేసేముందు పెద్దవాళ్లనే పిలిచి కూర్చోబెట్టుకుంటే ఎంత బాగుంటుంది!

ఇక నేర్పడం గురించి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంచి మనసున్నవాళ్లు కూడా ఇక్కడే చెడగొడతారు. మేం ఎనిమిదేళ్లుగా శనివారం శనివారం ఒక గ్రంథాలయం గదిలో కూర్చుంటున్నాం. నేను చేసిన తప్పులే చెబుతాను.

"ఇలా ఇవ్వండి, నేను చేస్తాను." ఈ ఒక్క మాట ఎంత నష్టం చేస్తుందో చెప్పలేను. మనం ఫోన్ లాక్కుని, చకచకా నాలుగు నొక్కులు నొక్కి, ఇదిగో అయిపోయింది అని తిరిగి ఇస్తాం. వాళ్లకు అర్థమయ్యేది ఒక్కటే, ఇది నా వల్ల అయ్యే పని కాదు అని. ఇప్పుడు మా దగ్గర ఒకటే నియమం. నేర్పేవాళ్ల చేతులు వాళ్ల ఒళ్లోనే ఉండాలి. వేలు పెద్దవాళ్లదే. ఎంతసేపైనా సరే.

రెండోది, పెద్దవాళ్ల భయం ఏంటంటే, తప్పు నొక్కితే పాడైపోతుందని. వాళ్లు బతుకంతా వాడిన వస్తువులు అలాంటివే, తప్పు మీట తిప్పితే నిజంగానే పాడయ్యేవి. అది తెలివితక్కువతనం కాదు, అనుభవం. అందుకని మేం మొదటి రోజు ఏమీ నేర్పం. కావాలని దారి తప్పించి, వెనక్కి ఎలా రావాలో నేర్పుతాం. ఎక్కడికి వెళ్లినా ఇంటికి తిరిగి రావచ్చని వేళ్లకు తెలిస్తే, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

కొన్ని ఇబ్బందులు బుద్ధివి కావు, ఒంటివి. వయసుతో చర్మం పొడిబారుతుంది. టచ్ స్క్రీన్ వేలు తగిలినప్పుడు వచ్చే సన్నటి విద్యుత్ మార్పును పట్టుకుని పనిచేస్తుంది, బాగా ఎండిన వేలిని ఒక్కోసారి గుర్తించదు. పాపం వాళ్లు ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు నొక్కుతారు. ఎక్కువసేపు నొక్కితే ఫోన్ దానికి వేరే అర్థం తీసి ఇంకేదో మెనూ తెరుస్తుంది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోటుకు వెళ్లి, ఎంతసేపు నొక్కితే ఎక్కువసేపు అని లెక్కపెట్టాలో ఆ వ్యవధి పెంచవచ్చు. అక్షరాలు పెద్దవి చేయవచ్చు, రంగుల తేడా పెంచవచ్చు. కీబోర్డు మీద ఉన్న మైకు గుర్తు నొక్కి మాట్లాడితే తెలుగులోనే టైప్ అవుతుంది. లైవ్ ట్రాన్స్‌క్రైబ్ లాంటి యాప్‌లు ఎదుటివాళ్ల మాటను అక్షరాలుగా చూపిస్తాయి. ఈ ఐదూ చేసిపెట్టడానికి అరగంట పట్టదు. మేం చూసిన ఫోన్లలో ఎక్కువవాటిలో ఒక్కటి కూడా చేసి లేదు. కొనిచ్చిన పిల్లలు అంత డబ్బు పెట్టి, ఆ అరగంట పెట్టలేదు. నేనూ పెట్టలేదు మా అమ్మకు.

ఇంకొకటి, తేలిగ్గా ఉండే పనులే ఇవ్వాలనుకోకండి. డెనిస్ పార్క్ అనే శాస్త్రవేత్త బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, 60 నుంచి 90 ఏళ్ల మధ్య ఉన్న 221 మందిని కొన్ని గుంపులుగా చేశారు. కొందరు డిజిటల్ ఫోటోగ్రఫీ, కంప్యూటర్లో ఫోటోలు దిద్దడం కొత్తగా నేర్చుకున్నారు. కొందరు బొంత కుట్టడం, కొందరు రెండూ. ఇంకొందరు కలిసి కబుర్లు, ఆటలు, విహారాలతో గడిపారు. వారానికి సుమారు 15 గంటలు, మూడు నెలలు. కొత్త విద్య కష్టపడి నేర్చుకున్నవాళ్లకే జ్ఞాపకశక్తి మెరుగుపడింది, ముఖ్యంగా ఫోటోగ్రఫీ వాళ్లకు. కబుర్లవాళ్లకు ఆ లాభం అంతగా కనపడలేదు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం బాధేసింది, కలిసి కూర్చుంటే చాలని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని కాబట్టి. ఇప్పుడు మా గ్రూపులో ప్రతి మూడు నెలలకూ ఏదో ఒక కష్టమైన పని పెట్టుకుంటున్నాం. అందరూ తడబడతారు. తడబడుతున్న పక్కమనిషిని చూసి నవ్వుకుంటూ ఉంటారు, స్నేహాలు అప్పుడే కుదురుతున్నాయి.

మగవాళ్ల గురించి ఒక్క మాట. భార్య పోయిన మగవాళ్లు మా దగ్గరికి రావడం చాలా కష్టం. వచ్చినా మాట్లాడరు. ఆస్ట్రేలియాలో 1990లలో మెన్స్ షెడ్స్ అని మొదలయ్యాయి. ఒక షెడ్డు, కొన్ని పనిముట్లు, చెక్కపని, రిపేర్లు. మగవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెడితే మాట రాదు, పక్కపక్కన నిలబెట్టి పని ఇస్తే వస్తుందని అక్కడివాళ్లు అంటారు. అది విన్నాక మేం కుర్చీలు గుండ్రంగా వెయ్యడం మానేసి, పొడుగాటి బల్లకు ఒకే వైపు వేశాం. పాడైపోయిన రేడియోలు, పాత ఫోన్లు తెచ్చి ఆ బల్ల మీద పెట్టాం. నాలుగు నెలలు ఒక్క మాటా మాట్లాడని ఒకాయన, స్క్రూడ్రైవర్ అందిస్తూ అందిస్తూ తన భార్య చివరి రోజుల గురించి పక్కాయనకు చెప్పారు. ఇద్దరూ రేడియో వైపే చూస్తున్నారు.

మోసాల గురించి చెప్పకుండా ఈ విషయం ముగించలేను. మా గ్రూపులో ఒక పెద్దాయన ఫోన్‌లో వచ్చిన బెదిరింపు నమ్మి డబ్బు పోగొట్టుకున్నారు. ఆరు వారాలు రాలేదు. ఇంట్లోవాళ్లు కోప్పడి ఫోన్ తీసేసుకున్నారు. డబ్బు పోవడం ఒక దెబ్బ, మనుషులు పోవడం రెండో దెబ్బ. ఆయన ఇంటికి వెళ్లి బతిమాలి తీసుకొచ్చాం. ఆ రోజు ఎవరూ అడక్కుండానే, బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసిన ఒకావిడ లేచి, "నేనూ మోసపోయాను, ఇప్పటిదాకా మా అబ్బాయికి కూడా చెప్పలేదు" అన్నారు. ఆ తరవాత ఇంకో ఇద్దరు. మోసం చేసేవాడు చదువు లేనివాళ్లనే వెతుక్కోడు, భయపడే క్షణాన్ని వెతుక్కుంటాడు. భయపెడతాడు, తొందరపెడతాడు, ఎవరికీ చెప్పొద్దంటాడు. ఈ మూడూ కలిసి వస్తే ఫోన్ పెట్టేసి, ముందే అనుకున్న ఒక మనిషికి కాల్ చెయ్యాలి. ఆ మనిషి ఎవరో, నంబరేంటో ఫోన్ వెనక కాగితం మీద రాసి అంటించాం. ఇప్పుడు ప్రతి శనివారం మొదటి పది నిమిషాలు ఆ వారం ఎవరెవరికి ఎలాంటి దొంగ కాల్స్ వచ్చాయో చెప్పుకుంటాం. వాటిని నోట్ చేసి పెట్టేది ఆ పెద్దాయనే. పిల్లలకు నా విన్నపం, మోసపోయిన మీ నాన్నను తిట్టకండి. తిడితే రెండోసారి జరిగినప్పుడు మీకు చెప్పరు.

ఈ మధ్య మాట్లాడే యంత్రాల గురించి అందరూ అడుగుతున్నారు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లతో కృత్రిమ మేధ మాట్లాడితే తప్పేంటి అని. జపాన్‌లో తకనోరి షిబాతా తయారుచేసిన పారో అనే సీల్ పిల్ల బొమ్మ ఉంది. నిమిరితే కదులుతుంది, శబ్దం చేస్తుంది. డిమెన్షియా ఉన్నవాళ్లకు కొన్ని ఆశ్రమాల్లో దాన్ని ఇస్తారు, కొందరు దానితో నెమ్మదిస్తారు. కంగారుపడుతున్న మనిషికి ఊరట దొరికితే నేను కాదనను. మందులు వేసుకోమని గుర్తుచేసే పరికరాలూ మంచివే. కానీ యంత్రానికి మన అక్కర లేదు. మనం వెళ్లకపోతే దానికి ఏ లోటూ లేదు. మా అమ్మ ఆరింటికి ఫోన్ తియ్యకపోతే అవతల ఒక పిల్ల పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ తేడా పెద్దవాళ్లకు తెలుస్తుంది. ఇళ్లలో పెట్టే కెమెరాలూ అంతే. చూడటం వేరు, చూసుకోవడం వేరు. పెట్టాల్సి వస్తే వాళ్లను అడిగి పెట్టండి, వద్దంటే తీసెయ్యండి.

అందరికీ గుంపు కావాలని కూడా అనుకోకండి. ఏకాంతం ఇష్టపడేవాళ్లు ఉన్నారు. మా దగ్గర ఒకావిడ రెండుసార్లు వచ్చి, నాకు ఈ గోల పడదు అన్నారు. ఆవిడకు నక్షత్రాలంటే ఇష్టం. 2007లో గెలాక్సీ జూ అని మొదలైంది, టెలిస్కోపులు తీసిన గెలాక్సీల బొమ్మలు చూసి అవి ఏ ఆకారంలో ఉన్నాయో మామూలు మనుషులు శాస్త్రవేత్తలకు చెప్పే పని. ఆవిడ ఇంట్లో కూర్చుని రాత్రిళ్లు అది చేస్తున్నారు. మంచం దిగలేనివాళ్లకు కూడా ఇలాంటి తలుపులు ఉన్నాయి. కాకపోతే ఆ తలుపు ఫలానా చోట ఉందని ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి, పక్కన కూర్చుని మొదటి పది బొమ్మలు కలిసి చూడాలి.

ఇక ఆఖరి విషయం. మొదట్లో మా గ్రూపులో చేరేవాళ్లకు ఒక ఫారం ఇచ్చేవాళ్లం. పేరు, వయసు, మీకు ఏం సాయం కావాలి అని మూడు గళ్లు. ఫ్రాన్స్‌లో 1973లో టులూజ్‌లో రిటైరైనవాళ్ల చదువు కోసం మొదలైన 'మూడో వయసు విశ్వవిద్యాలయం' 1980ల మొదట్లో బ్రిటన్‌కు వచ్చినప్పుడు, అక్కడివాళ్లు దాని పద్ధతే మార్చేశారు. చెప్పేవాళ్లు వేరు, నేర్చుకునేవాళ్లు వేరు అని లేకుండా సభ్యులే ఒకరికొకరు నేర్పుకుంటారు. అది తెలిశాక మా ఫారం చింపేసి కొత్తది రాసుకున్నాం. వయసు గడి తీసేశాం. ఇప్పుడు మొదటి గడిలో, మీకు ఏం వచ్చు అని ఉంటుంది. ఆ గడి దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగిపోతారు. నాకేం వచ్చు, ఏమీ రాదు అంటారు. మేం పక్కన కూర్చుంటాం, తొందరపెట్టం. కాసేపటికి రాస్తారు. లెక్కలు, జాబులు రాయడం, పసిపిల్లలను నిద్రపుచ్చడం, మూడు భాషలు, తప్పిపోయిన కాగితాలు వెతకడం. ఒకాయన "ఓపికగా వినడం" అని రాశారు. ఆయనకు ఇప్పుడు వారంలో నాలుగు ఫోన్ కాల్స్ పని ఉంది, ఇల్లు కదలలేని నలుగురితో.

బయట గుమ్మం పక్క బల్ల మీద ఆ ఫారాలు పెట్టాం. అరవై దాటినవాళ్లు మొదటి గడి నింపండి. కుర్రవాళ్లు వెనక వైపున, శనివారం ఒక గంట మీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోగలరేమో రాయండి. కళ్లజోడు మరిచిపోయి వచ్చినవాళ్లకు అక్కడ ఒక భూతద్దం కూడా ఉంది. నేను ఆ బల్ల దగ్గరే ఉంటాను.